పంకా చరిత్రము: విసనకఱ్ఱ మొదలు రిమోటు వఱకు



నేఁడు నేను మీకు మనవి చేయఁబోవు విషయము వినుటకుఁ జాలఁ జిన్నదిగాఁ దోఁపవచ్చును. ఇంటికప్పున వ్రేలాడు పంకాను, మంచముమీఁదనుండి లేవకయే త్రిప్పుటకును, ఆపుటకును, దాని వేగమును హెచ్చించి తగ్గించుటకును సాధనమైన 'రిమోటు' అను చేతిపరికరమును గూర్చి ముచ్చటింపఁ దలఁచితిని. రాజవంశముల చరిత్రము వినుట కలవాటుపడినవారు 'పంకాకుఁ జరిత్రమేమి?' యని నవ్వవచ్చును. కాని గాలికిని జరిత్రము కలదు. విసరిన చేయి యెవరిది? విసరించుకొన్న మేను ఎవరిది? 'చాలు, ఆపుము' అను నధికార మెవరి కుండెను? ఈ మూఁడు ప్రశ్నలను వెంటఁ బెట్టుకొని నడచినచో విసనకఱ్ఱనుండి రిమోటు వఱకును గల త్రోవ యంతయు మనుష్యుల చరిత్రమే యని తెలియఁగలదు.

మొదట మాటలను విచారింతము. సంస్కృతమున విసనకఱ్ఱకు వ్యజనమనియుఁ దాళవృంతమనియుఁ బేర్లు. తాళవృంత మనఁగాఁ దాటియాకు కాడ. వస్తువు దేనితోఁ జేయఁబడినదో పేరే చెప్పుచున్నది. తెలుఁగున విసనకఱ్ఱ, సురటి, ఆలవట్టము, వింజామర మను మాటలు గలవు. వీనిలో నొక భేదమును గమనింపుఁడు. విసనకఱ్ఱ తన చేతిలోనిది. తనకుఁ దానే విసరుకొనవచ్చును, ప్రక్కనున్న బిడ్డకు విసరవచ్చును. వింజామర మట్లు కాదు. అది చమరీమృగపుఁ దోఁక వెండ్రుకలతోఁ జేయఁబడి యితరులచే వీవఁబడునది. రాజునకును దేవునకును జెందినది. దేవాలయములలో నేఁటికిని ఛత్రచామరములు రాజోపచారములలోఁ జేరియున్నవి.

వైశాఖమాసమున నీటికుండ, గొడుగు, పాదరక్షలతోఁబాటు విసనకఱ్ఱను దానము చేయు నాచారమును మన పెద్దలు పెట్టిరి. ఎండకాలమునఁ జల్లగాలి విలాసము కాదనియు, అవసరమనియు, లేనివానికి దానిని సమకూర్చుట పుణ్యమనియు వా రెఱుఁగుదురు. ఆ దానము పుచ్చుకొన్నవానికి గాలి మాత్రమే కాదు, గాలిమీఁద నధికారము కూడ లభించుచుండెను. ఎప్పుడు విసరుకొనవలెనో, ఎప్పుడు మానవలెనో వాని యిష్టము. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుఁడు. దీనితో మనకుఁ ముందు పని యున్నది.

'పంకా' యను మాట హిందీభాషలోని 'పంఖా' నుండి వచ్చినది. పంఖ మనఁగా ఱెక్క. మన పక్షశబ్దమునకుఁ జుట్టము. ఆంగ్లేయుల పాలనకాలమున నీ మాట యొక పెద్ద యేర్పాటునకుఁ బేరయ్యెను. పొడుగైన కొయ్యచట్రమునకు గుడ్డ బిగించి, క్రింద కుచ్చులు కట్టి, కప్పునుండి వ్రేలాడఁదీసెడివారు. దానికిఁ గట్టిన త్రాడు కప్పీమీఁదుగాఁ బోయి గోడలోని రంధ్రముగుండ వసారాలోనికి వెడలును. అచ్చట నొక కూలివాఁడు గూర్చుండి పగలెల్లను, వేసవియైనచో రాత్రి యెల్లను ఆ త్రాటిని లాగుచుండును. కచ్చేరులు, న్యాయస్థానములు, దొరల బంగళాలు, క్రైస్తవుల ప్రార్థనామందిరములు, అన్నిఁటను నిదియే పద్ధతి. గాలి లోపలికి రావలెను. లాగువాఁడు కంటఁ బడరాదు. లాగువానికి మాత్ర మా గాలి తగులదు.

రాత్రి యలసటచేఁ గునికిపాటు పడినవాని చేయి యాఁగును. దానితో గాలియు నాఁగును. లోపల నిద్రించు దొర చెమటతో మేల్కాంచి, వెలుపలికి వచ్చి వానిని దన్నుట యా కాలమున వింత కాదు. అట్టి దెబ్బలచేత మరణించిన పంకాకూలీల యభియోగములు న్యాయస్థానములకు వచ్చినవి. మలేరియాచే వాని ప్లీహ మిదివఱకే పెరిగియున్నదనియు, దెబ్బ స్వల్పమే యైనను అది చిట్లి మరణించెననియు వాదించి, ముద్దాయిలు స్వల్పశిక్షలతో బయటపడుచుండిరి. 1899 మొదలు 1905 వఱకు వైస్రాయిగా నుండిన కర్జను ప్రభువు సైతము, దేశీయులను గొట్టిన యూరపువారికి న్యాయస్థానములు చూపు మెత్తఁదనమును నిరసించెను. ఆంగ్ల నవలాకారుఁడు ఫార్‌స్టరు 1924లోఁ బ్రకటించిన 'ఎ పాసేజ్ టు ఇండియా' యను నవలలో నొక పంకాకూలిని న్యాయస్థానమునఁ గూర్చుండఁబెట్టెను. విచారణ ముగిసి, సభ యంతయు లేచిపోయిన పిదపఁగూడ వాఁడు త్రాడు లాగుచునే యుండును. ఆపుమని చెప్పినవారు లేరు. పంకా చరిత్రములోని బాధ యంతయు నా యొక్క చిత్రమునఁ గలదు.

ఇఁక విద్యుచ్ఛక్తి మాట. అమెరికా దేశమున స్కైలరు వీలరు అను నాతఁడు 1882లో విద్యుత్తుచేఁ దిరుగు బల్లపంకాను నిర్మించెను. ఆ దశకముననే ఫిలిప్ డీల్ అను జర్మనుదేశపు వలసవాఁడు, కుట్టుమిషనుకొఱకు తాను రూపొందించిన మోటారునే కప్పునకు వ్రేలాడఁదీసి ఱెక్కలు బిగించి, నేఁటి కప్పుపంకాకు మూలపురుషుఁ డయ్యెను. మన దేశమునఁ గలకత్తా నగరమునకు 1899లో విద్యుత్సరఫరా యేర్పడెను. హైదరాబాదున 1893లోఁ బూర్తియైన ఫలక్‌నుమా ప్రాసాదములో మిక్కిలి పెద్దదైన విద్యుత్ స్విచ్చుపలక యుండుట ప్రసిద్ధము. అది ప్రభువుల వైభవము. సామాన్యులకు విద్యుత్తు చేరుటకు దారి, 1920లో హుస్సేన్‌సాగరు తీరమున బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రము వెలసిన పిమ్మట నేర్పడెను.

విద్యుత్పంకా వచ్చుటతోఁ ద్రాడు లాగు చేయికి విడుదల కలిగెను. అయితే చరిత్రమును రెండు వైపులను జూడవలయును గదా! తన్నులు తప్పినవి, దానితోఁబాటు ఆ చేతికి వచ్చు కూలియుఁ దప్పినది. ఏ యంత్రము వచ్చినను ఈ రెండు ఫలములును గలసియే వచ్చును. మొదటిదానిని బొగడి రెండవదానిని మఱచుట విద్వాంసులకుఁ దగదు.

నేను నివసించు విద్యానగరు పేట యుస్మానియా విశ్వవిద్యాలయపు ముంగిట నున్నది. ఆ విశ్వవిద్యాలయము 1918లో స్థాపింపఁబడి, మొదట నగరమధ్యమున నడచి, పిదప నడిక్‌మెట్టు ప్రాంతమునకు మాఱెను. అందలి యార్ట్సు కళాశాల భవనమునకు 1934లో శంకుస్థాపన జరిగెను. 1939 డిసెంబరు 4వ తేదీని ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను దానిని బ్రారంభించెను. బెల్జియము దేశపు వాస్తుశిల్పి ఎర్నెస్టు జాస్పరు దాని రూపకర్త. పెద్దలు హైదరాబాదు వచ్చినప్పు డా భవనమును దప్పక చూడుఁడు. దళసరి రాతిగోడలు, ఎత్తయిన కప్పులు, లోఁతైన వసారాలు. ఎండ లోపలికి రాకుండ ముందు గోడ యాఁపవలెను. తరువాతనే పంకా పని. ఈ నీతిని నేఁటి సన్నగోడల యిండ్లు మఱచినవి గనుకనే పంకామీఁద భారము పెరిగినది.

విశ్వవిద్యాలయమున కావలి ప్రక్క తార్నాక. ఉర్దూలోఁ 'దార్' అనఁగాఁ దీఁగ. 'నాకా' యనఁగాఁ గావలిచోటు. నిజాముల కాలమున నచ్చటఁ దోఁట కొకదానికి ముండ్లతీఁగ కంచెయుఁ, గావలిద్వారమును నుండుటచే నా పేరు వచ్చెనని యిచ్చటివారు చెప్పుదురు. తీఁగ పేరు పెట్టుకొన్న యా చోటనే నేఁడు తీఁగతో నిమిత్తము లేని పరికరముచేఁ బంకాలు త్రిప్పుచున్నారు. ఇది యెట్లు సాధ్యమయ్యెనో చూతము.

పంకా వేగమును మార్చుటకు మొదట గోడమీఁది రెగ్యులేటరు వచ్చెను. పాత రెగ్యులేటరు కొయ్యపలకమీఁద బరువైన పెట్టెవలె నుండెడిది. దాని లోపలి తీఁగచుట్టలు విద్యుత్తును గొంత యడ్డగించి, అడ్డగించినదానిని వేఁడిమిగా మార్చివేయును. కావున నెమ్మదిగాఁ ద్రిప్పినను ఖర్చు తగినంత తగ్గదు. పెట్టె మాత్రము కాలుచుండును. తరువాత వచ్చిన ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు చిన్నది. వేఁడిమి నష్ట మందు మిక్కిలి తక్కువ. కాని రెండింటికిని ఒక లోప మున్నది. అవి గోడమీఁద నుండును. మనుష్యుఁడు మంచముమీఁద నుండును.

దూరమునుండి యంత్రమును శాసించు విద్య చిరకాలపు వెదకులాట ఫలము. 1800లో విలియం హెర్షెల్ అను ఖగోళశాస్త్రజ్ఞుఁడు, సూర్యకాంతిని గాజుపట్టకముచే విడఁదీసి, ఎఱ్ఱని రంగునకు వెలుపలఁ గంటికిఁ గనఁబడని వేఁడికిరణములు గలవని కనుఁగొనెను. వానినే పరారుణకిరణము లందురు. 1895లో మన జగదీశచంద్ర బసు మహాశయుఁడు కలకత్తాలో, నడుమ గోడ లున్నను విద్యుత్తరంగములచే దూరమున నున్న గంటను మ్రోగించి చూపెను. 1898లో నికోలా టెస్లా న్యూయార్కు నగరమున నొక చిన్న పడవను దీఁగ లేకుండ నడిపించెను. గృహోపకరణములలో నీ విద్యకు దాసోహమన్నవానిలో నొకటి టెలివిజను. అమెరికాలోని జెనిత్ సంస్థ 1950లోఁ దీఁగ గల రిమోటును, 1955లో వెలుఁగుతోఁ బనిచేయు దానిని, 1956లో రాబర్టు ఆడ్లరు నేర్పుతో, చెవికి వినరాని ధ్వనితోఁ బనిచేయు దానిని దెచ్చెను. పిదపఁ బరారుణకిరణముల రిమోటు వ్యాపించెను. అదియే క్రమముగాఁ బంకాకును వచ్చెను.

దాని పని యిట్టిది. మీరు మీటను నొక్కినప్పుడు ముందున్న చిన్న దీపము, కంటికిఁ గనఁబడని వెలుఁగును మిక్కిలి వేగముగా మినుకుమినుకు మనిపించును. ఆ మినుకులలో నొక సంకేత మిమిడి యుండును: ఒక వరుస 'తిరుగుము' అనియు, మఱొక వరుస 'ఆఁగుము' అనియు, ఇంకొకటి 'మూఁడవ వేగము' అనియు. పంకావద్ద నున్న గ్రాహకము దానిని జదివి యట్లే చేయును. ఈ కిరణములు గోడగుండఁ బోవు. రిమోటును బంకావైపు చూపియే నొక్కవలెను. రేడియోతరంగములతోఁ బనిచేయు రిమోట్లు వేఱుగాఁ గలవు. వానికి ఎదురుగా నుండవలయునను నియమము లేదు. పరారుణ రిమోటు పనిచేయుచున్నదో లేదో యెఱుఁగఁగోరినచో, దానిని జేతిఫోను కెమెరావైపు చూపి మీట నొక్కుఁడు. పెక్కు ఫోనులలో నా దీపము లేఁత ఊదారంగున మెఱయుట కనఁబడును. మెఱయనిచో ముందు సెల్లులు మార్చి చూడుఁడు.

ఇఁక బిగించు విధము. ఇందు రెండు జాతులు గలవు. మొదటిది, ఇంట నున్న పాతపంకాకే యొక చిన్న గ్రాహకపుఁ బెట్టె తగిలించుట. రెండవది, రిమోటుతోనే వచ్చు 'బీఎల్‌డీసీ' యను క్రొత్తజాతి పంకాను గొనుట. పాతపంకాకుఁ దగిలించునప్పుడు పెట్టెను గడ్డీ పైభాగమునఁ గప్పునకు అంటియుండు గిన్నెలో నమర్తురు. ఇంటినుండి వచ్చు రెండు తీఁగలు పెట్టెలోనికిఁ బోవును. పెట్టెనుండి వెడలు తీఁగలు పంకాకుఁ బోవును. ఇందు ముఖ్యమైన నియమ మొకటి: గోడమీఁది పాత రెగ్యులేటరును దారినుండి తప్పింపవలెను. ఒకే విద్యుత్తునకు ఇద్దఱు కావలివాండ్రు పనికిరారు. మా వీథిలో నొక యింట పనివాఁడు రెగ్యులేటరును దప్పింపకయే పెట్టె బిగించి పోయెను. పంకా మూలుగఁజొచ్చెను, కొలఁది దినములకే పెట్టె చెడిపోయెను. తిరిగి మఱొక పనివాని పిలిచి సరిచేయింపవలసి వచ్చెను.

ఈ పని తెలిసిన వైర్‌మనుచేతనే చేయింపుఁడు. పంకా స్విచ్చు మాత్రమే కాక మెయిన్ స్విచ్చునే యాఁపించి, టెస్టరుతోఁ జూచిన పిదపనే తీఁగలను ముట్టవలెను. పల్లెలలో స్విచ్చు న్యూట్రల్ తీఁగపై నుంచి, ప్రాణాంతకమైన ఫేజు తీఁగను దిన్నగాఁ బంకాకుఁ బంపిన యిండ్లు గలవు. అట్టిచోట స్విచ్చు ఆఁపినను తీఁగలోఁ బ్రాణాపాయము దాఁగియే యుండును. పంకాను దింపి యెక్కించినచో, గడ్డీకి వేయు బోల్టును, అది యూడకుండ దూర్చు పిన్నును దిరిగి వేసిరో లేదో దగ్గఱ నిలిచి చూచుకొనుఁడు. రిమోటు వచ్చినంత మాత్రమున గోడస్విచ్చును దీసివేయింపకుఁడు. రిమోటు పోయిన దినమున నదియే దిక్కు.

ఖర్చు విషయమున నొక భ్రమ ప్రచారమున నున్నది. పాతపంకాకు రిమోటు తగిలించిన మాత్రమునఁ గరెంటు మిగులదు. మిగులు క్రొత్తజాతి మోటారువలన. సామాన్యపు పంకా సుమారు 75 వాట్లు పుచ్చుకొనును; బీఎల్‌డీసీ పంకా సుమారు 30 వాట్లతో నంత గాలియే యిచ్చును. దినమునకు 10 గంటలు తిరిగినచో మొదటిదానికి ముప్పాతిక యూనిట్టు, రెండవదానికి 0.30 యూనిట్టు. సంవత్సరమున 200 దినములు లెక్కించినచో నొక్కొక్క పంకాకు 90 యూనిట్లు మిగులును. రెండింటి వెలలోని తేడాను, మీరు చెల్లించు యూనిట్టు ధరను జూచి, ఎన్నేండ్లకుఁ బెట్టుబడి తిరిగివచ్చునో మీరే లెక్కకట్టుకొనవచ్చును. 2023 జనవరి 1వ తేదీనుండి కప్పుపంకాలమీఁద నక్షత్రపు గుర్తుల చీటి యుండవలెనని భారతప్రభుత్వము నిర్బంధము చేసెను. కొనునప్పు డా చీటి చూచి, నక్షత్రము లెక్కువ గలదానిని గొనుఁడు.

ఇప్పుడు మనము మొదట వేసికొన్న మూఁడవ ప్రశ్నకు వత్తము. మా వీథిలో నెనుబదియేండ్లు దాఁటిన పెద్దయొకఁడు గలఁడు. వేసవిలో రాత్రి తొలిజామున ఉక్క. పంకా నిండువేగమునఁ దిరుగవలెను. తెల్లవాఱుజామున నాలుగు గంటలకుఁ జలి, తగ్గింపవలెను. ఆయన చీఁకటిలో లేచి గోడ తడవుకొనుచుఁ బోయి, గడప తగిలి పడి, తుంటియెముక విఱుగఁగొట్టుకొనెను. పిమ్మట కుమారులు మంచిమనసుతో రిమోటుపంకా పెట్టించిరి. కొన్ని దినములకు నేను బరామర్శింపఁబోయి, 'అయ్యా, ఇప్పుడు సుఖముగా నున్నదా?' యంటిని. ఆయన చిఱునవ్వు నవ్వి, 'పంతులుగారూ, సుఖమే. కాని ఆ పుల్ల మనుమని దిండుక్రింద నుండును. వాఁడు నిద్రలేచినప్పుడు నాకుఁ జలి తగ్గును' అనెను.

ఆర్యులారా! ఈ మాటలో నెంతటి చరిత్ర మిమిడియున్నదో చూడుఁడు. ఒకనాఁడు పంకాకూలికి గాలి లేదు, ఆజ్ఞ లోపలివానిది. నేఁడు ముసలివానికి గాలి కలదు. ఆజ్ఞ మాత్రము మఱొకరి దిండుక్రింద నున్నది. యంత్ర మెంత సూక్ష్మమైనను, అది యెవరి చేతిలో నుండవలెనను ధర్మమును మాత్రము మనమే నిర్ణయింపవలెను. ఎవరికి లేచి నడచుట కష్టమో వారి చేతిలోనే రిమోటు ఉండుట న్యాయము. పడకగదిలో ముసలివారును, బాలింతలును, రోగులును ముందు, పడుచువారు పిమ్మట. దానికి దారముకట్టి మంచపుఁ గోటికిఁ దగిలించినచో వెదకుకొను బాధ తప్పును. ఆపు మీట యేదో, వేగము తగ్గించు మీట యేదో పెద్దలకుఁ బగటివేళ నాలుగైదు మాఱులు నొక్కించి యలవాటు చేయవలెను. చీఁకటిలో వ్రేళ్లకే యది తెలియవలెను. మీటప్రక్క నొక రంగుదారమో, చిన్న మైనపు చుక్కయో యంటించినచో మఱింత మేలు.

మఱి రెండు జాగ్రత్తలు. ఒకే కంపెనీ పంకాలు ఒకే హాలులో నాలుగున్నచో, పరారుణ రిమోటు నొక్కినప్పుడు అవి యన్నియుఁ గలసి యాఁగవచ్చును. గ్రంథాలయములును, భజనమందిరములును గలవారు కొనునప్పుడే దీనిని విచారించుకొనవలెను. రెండవది, కొన్ని రిమోట్లలోఁ గాసువంటి చిన్న గుండ్రని సెల్లు ఉండును. అది పసిపిల్ల మ్రింగినచో గొంతుకను గాల్చి ప్రాణముమీఁదికిఁ దెచ్చును. అట్టిది జరిగినచో క్షణమైన నాలసింపక యాసుపత్రికిఁ గొనిపోవలెను. పెన్సిలు సెల్లులతోఁ బనిచేయునదియు, సెల్లుల మూఁతకు మర బిగించునదియు నైన రిమోటు పిల్లలున్న యింటికి మేలు. చాలదినములు వాడనిచో సెల్లులను దీసి యుంచుఁడు. లేనిచో నవి కారి లోపలి రేకులను దినివేయును.

విసనకఱ్ఱను దానముచేసిన పెద్దలు గాలిని మాత్రమే యీయలేదు. గాలిని శాసించు పిడినిగూడ నిచ్చిరి. నూఱేండ్లకుఁ బైగా నా పిడి మన చేయి విడిచి, త్రాటికిని, పిదప గోడకును జేరినది. విద్యుత్తును, పరారుణకిరణమును, దేశదేశముల శాస్త్రజ్ఞుల బుద్ధియు గలసి దానిని మరల మన యరచేతికిఁ దెచ్చినవి. మీ గ్రామమున నెవరింటనైనఁ గ్రొత్తపంకా పెట్టించినచో, వైర్‌మను నిచ్చెన దిగిన వెంటనే మీరు చేయవలసిన పని యొకటి కలదు. రిమోటును దీసికొని, ఆ యింటిలో నందఱికంటెఁ బెద్దవారెవరో, నడవలేనివారెవరో యడిగి, వారి చేతిలోఁ బెట్టుఁడు. తక్కినది వారే చూచుకొందురు.